నాలుగో అంతస్తు తాడు

మా వీధిలో పై అంతస్తువాళ్ళతో పనిబడి మెట్లెక్కే మనిషి కొత్తవాడైనా అయ్యుండాలి, కొట్లాటకు వచ్చినవాడైనా అయ్యుండాలి. మిగతా అందరం తాడు లాగుతాం. రంగూన్ నడిబొడ్డున తెల్లదొరల నాటి మేడలు మావి. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, లోపల పట్టపగలే చీకటి. అందుకని ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంటుంది. కింది కొసన క్లిప్పు, పై కొసన గంట. పేపరువాడైనా, పాలవాడైనా, ఇంటికొచ్చిన చుట్టమైనా కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది. పైవాళ్ళు తొంగిచూసి, తగిలించినది ఏదైనా ఉంటే పైకి లాక్కుంటారు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. అయినా తాడు లాగందే మాకు పిలిచినట్టుండదు.

ఆ తాళ్ళ కిందే నా మొహింగా బండి. చేపల పులుసు, అందులో అరటి దవ్వ, సన్నని బియ్యపు సేమియా, పైన కరకరలాడే సొరకాయ బజ్జీ. నా పేరు న్యుంట్ యీ. నా పులుసు గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, చుట్టుపక్కల నాలుగు వీధుల్లో దీనికి సాటి లేదు. కాదన్నవాళ్ళు కూడా రేపు పొద్దున్న నా ముక్కాలిపీట మీదే కూర్చుంటారు. నేను పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, అడిగినవాళ్ళెవరూ నాకు నచ్చలేదు.

మా వీధి గుణం ఒకటుంది. ఇక్కడ గుట్టు అనేది నిలవదు. ఎవరింట్లో ఏం వేగుతోందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఎదురు బాల్కనీకి తెలియకుండా ఉండదు. సిగ్గుపడేవాళ్ళు ఇక్కడ బతకలేరు, మిగతా అందరూ హాయిగా బతుకుతారు. ఇంకొక మర్యాద కూడా ఉంది. ఒకరి గిన్నె ఇంకొకరి దగ్గరికి వెళితే ఖాళీగా తిరిగి రాకూడదు. ఒక నిమ్మకాయైనా, నాలుగు పచ్చిమిరపకాయలైనా అందులో పడాలి.

ఈ మర్యాదే నన్ను ముంచింది.

నాలుగో అంతస్తులో తౌంగ్ సేన్ అని బోర్డులు రాసే పెయింటరు ఉండేవాడు. మా బర్మా అక్షరాలన్నీ గుండ్రన. ఆ వంపులు అతని చేతిలో పండినంత అందంగా ఇంకెవరి చేతిలోనూ పండవు. మా వీధిలో టీ కొట్టు నుంచి పళ్ళ డాక్టరు దాకా అందరి పేర్లూ అతను రాసినవే. ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ రాస్తాడు గానీ, సొంత మాట ఒకటి నోట్లోంచి రాదు. రోజూ పొద్దున్నే తాడుకు తగిలించి తన స్టీలు గిన్నె దించేవాడు. నేను పులుసు పోసి, మూత బిగించి, తాడు లాగి తలెత్తేదాన్ని. అతను తల ఊపేవాడు. ఏళ్ళ తరబడి మా సంభాషణ ఇంతే.

గిన్నె మాత్రం ఏ రోజూ ఖాళీగా దిగలేదు. ఒక రోజు నిమ్మకాయలు, ఒక రోజు మల్లెమొగ్గలు, ఒక రోజు చెంపలకు రాసుకునే తనాఖా చెక్క. ఒకసారి నా బండికి చిన్న బోర్డు, నా పేరుతో. నేను అడగలేదు. నాకు జ్వరం వచ్చి బండి పెట్టని రోజుల్లో కూడా ఆ గిన్నె కిందికి దిగి, మధ్యాహ్నం దాకా గాల్లో ఊగుతూ ఉండేదట. పక్కన కిళ్ళీ కొట్టు నడిపే ఓన్ మే వచ్చి చెప్పింది.

"ఏమే, నీ పెయింటరు గిన్నె దించి దిష్టిబొమ్మలా నిలబడ్డాడు. నువ్వు మంచమెక్కావని ఎవరైనా చెప్పండర్రా అంటే అందరూ చెప్పారు. అయినా తీయడు."

"నా పెయింటరు ఏమిటే?"

"మరి నాకు దించాడా గిన్నె?" అంది ఓన్ మే.

దాని నోటికి తాళం వెయ్యడం బుద్ధుడి తరం కూడా కాదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని కసిరి పంపాను గానీ, ఆ రోజు జ్వరంలో కూడా నాకు నవ్వొచ్చింది. ఇష్టం అనే మాట అంతదాకా నేను ఎవరి గురించీ అనుకోలేదు. ఆ రోజు అనుకున్నాను.

అనుకున్నాక మాత్రం ఏం చేశాను? ఏమీ లేదు. అతను కిందికి వచ్చి ఒక్కసారైనా నా బండి దగ్గర కూర్చుంటే మాట కలపొచ్చు కదా అని ఎదురుచూశాను. ఊరంతా నా పీటల మీద కూర్చుని తింటుంటే ఈయన ఒక్కడే పైన కూర్చుని తెప్పించుకుంటాడు. రాజావారికి వీధిలో తినడం నామోషీ కాబోలు అని మండిపడ్డాను కూడా.

అలా ఉండగా ఈ వానాకాలంలో ఒక బుధవారం వాళ్ళక్క మ్యా సేన్ నా బండి దగ్గరికి వచ్చింది. నది అవతల కొత్తగా కట్టిన ఇళ్ళలో ఉంటుంది. పట్టు లుంగీ గోచీలా పైకెత్తి పట్టుకుని, మా వీధి నీళ్ళలో కొంగలా అడుగులు వేస్తూ వచ్చింది.

"నాలుగో అంతస్తు అమ్మేశాం. శనివారం పొద్దున్నే వ్యాను వస్తుంది. తమ్ముణ్ణి నా దగ్గరికి తీసుకుపోతున్నా. మీ బండి కాస్త పక్కకు జరిపితే సామాన్లు దించుకుంటాం" అంది.

నా గరిటె పులుసులోనే ఆగిపోయింది. "ఆయనకు ఇష్టమేనా?" అన్నాను.

"వాడికి ఇష్టాలేం ఉన్నాయి, అడిగితే కదా చెప్పేది. అమ్మా నాన్నా పోయాక ఇంతకాలం ఈ ఎలుకల కొంపలో పడున్నాడు. నీళ్ళు రావు, మెట్లు విరిగిపోతాయేమోనని భయం. మా దగ్గర లిఫ్టు ఉంది."

"మా దగ్గర తాడుంది" అన్నాను.

"తాడుకు వేలాడి పైకి పోతారా?"

"మేమెందుకు పోతాం? ఊరే పైకి వస్తుంది. మీ లిఫ్టు పొద్దున్నే వేడి పులుసు తెచ్చి ఇస్తుందా? జ్వరమొస్తే ఎందుకు దిగలేదని అడుగుతుందా?"

మ్యా సేన్ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "అడిగేవాళ్ళుంటే మంచిదే. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదుగా" అంది. చెడ్డ మనిషి కాదు. ఆ మాట మాత్రం నాకు సూటిగా తగిలింది.

గురువారం గిన్నె దిగింది, అందులో జామపండు. శుక్రవారం గిన్నె దిగింది, అందులో మల్లెపూలు. తలెత్తాను, తల ఊపాడు. వెళ్ళిపోతున్న మనిషి ఒక్క మాట చెప్పొద్దూ? నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంటలో ఒక బజ్జీల వాయి మాడ్చేశాను కూడా.

"అడగందే అమ్మైనా పెట్టదు" అంది ఓన్ మే, తమలపాకుకు సున్నం రాస్తూ. "వాడు అడగడు. నువ్వూ అడగవు. రేపీపాటికి వ్యాను వంతెన దాటుతుంది."

"నడివీధిలో నిలబడి అరవమంటావా?"

"అరవడమెందుకు? పొట్లం పంపు."

పొట్లం అంటే ఊరవేసిన తేయాకు. మాకు అది ఉత్త తిండి కాదు. తగువు తీరితే ఇద్దరూ కలిసి అదే తింటారు, తిన్నాక ఇక ఆ తగువు ఎత్తకూడదు. పెళ్ళికి పిలిస్తే ఇచ్చేది ఆ పొట్లమే. మా అమ్మమ్మ కాలంలో సంబంధం అడిగినా అదే. అవతలివాళ్ళు నోట్లో వేసుకున్నారా, మాట ఇచ్చేసినట్టే. తిరగదీసుకోవడం ఉండదు.

"పాతకాలం ముచ్చట్లు" అన్నాను.

"పాత మేడ, పాత తాడు, నువ్వేమన్నా కొత్తగా ఉన్నావా?" అంది ఆ మహాతల్లి.

ఆ సాయంత్రం గాలివాన. తాళ్ళన్నీ జడలు కట్టుకున్నట్టు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. మూడో అంతస్తు సాన్ పే గారు బాల్కనీలోకి వచ్చి చేతికర్రతో విడదీస్తుంటే ఎదురు మేడలోని మా కిటికీలోంచి చూశాను. కోర్టులో గుమాస్తా చేసి రిటైరైన మనిషి ఆయన. చిక్కు కనబడితే విప్పందే ఊరుకోడు.

శనివారం తెల్లవారుతూనే లేచి తేయాకు కలిపాను. వేయించిన నువ్వులు, వెల్లుల్లి, నువ్వుల నూనె. అరటాకులో మడిచి, ఎర్ర దారం కట్టి, పైన ఒక మల్లెరెమ్మ గుచ్చాను. చేతులు వణకలేదు. నా చేతులు ఎప్పుడూ వణకవు, కాగే పులుసుతో పనిచేసే చేతులవి. బండి పెట్టాక చూస్తే అతని తాడు ఊరికే వేలాడుతోంది. గిన్నె అప్పుడే మూటలోకి పోయినట్టుంది.

పొట్లం క్లిప్పుకు తగిలించి తాడు లాగాను. రోజూ తలెత్తే మనిషిని ఆ ఒక్క రోజు ఎత్తలేకపోయాను. ఏ ముఖం పెట్టుకుని చూడను? వంగి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. గంట చప్పుడు కాస్త తేడాగా, సైకిల్ బెల్లులా వినబడింది. వీధిలో రిక్షావాడు పోతున్నాడులే అనుకున్నాను.

పైనుంచి గొంతు వినబడింది.

"ఎవరి పెళ్ళమ్మా?"

అది సాన్ పే గారి గొంతు. తలెత్తి చూద్దును కదా, ఆయన మూడో అంతస్తు బాల్కనీలో నిలబడి, అరటాకు అరచేతిలో పరుచుకుని తృప్తిగా నములుతున్నాడు. నిన్న చిక్కు విప్పి తాళ్ళు అటువి ఇటు, ఇటువి అటు వదిలాడు. నేను నాలుగో అంతస్తు తాడు అనుకుని మూడో అంతస్తు తాడుకు తగిలించాను.

"తేయాకు బాగా ఊరింది. నూనె ఒక చుక్క ఎక్కువైంది. పెళ్ళెప్పుడో చెప్పలేదే, ఎవరిది?" అన్నాడు ఆయన. గుమాస్తా గొంతు, వీధి చివరి దాకా పోతుంది.

పీటల మీద తినేవాళ్ళు చెంచాలు ఆపారు. ఎదురు బాల్కనీల్లోకి తలలు వచ్చాయి. బట్టలారేసే ఆవిడ తడి లుంగీ పిండడం మానేసింది. ఓన్ మే కిళ్ళీ కట్టడం ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని ఇలా అంది: "బాబాయ్ గారూ, అది పెళ్ళి పిలుపు కాదు, సంబంధం. తినేశారుగా, ఇక మీదే."

వీధి వీధంతా నవ్వింది. సాన్ పే గారు నమలడం ఆపేశాడు. మింగలేక కక్కలేక ఆయన పడ్డ అవస్థ చూస్తే నాకే జాలేసింది. "అమ్మాయ్, నాకు డెబ్బై దాటాయి" అన్నాడు, ఈసారి మెల్లిగా.

"మీక్కాదు బాబాయ్ గారూ. తాడు మారిపోయింది" అన్నాను.

"హమ్మయ్య. మరి ఎవరికి?"

ఇప్పుడేం చెయ్యను? నవ్వేసి ఊరుకుంటే ఊరుకోవచ్చు. టీ కొట్టు వాళ్ళకు, అనేసి పులుసు పొయ్యొచ్చు. వ్యాను వస్తుంది, పోతుంది. ఈ వీధిలో పుట్టి, ఈ వీధిలో పెరిగి, నోరున్న మనిషినని పేరు తెచ్చుకుని, అసలు మాట దగ్గర నోరు మూసుకుంటే ఆ నోరెందుకు? గరిటె కింద పెట్టాను.

"నాలుగో అంతస్తుకి" అన్నాను. అందరికీ వినబడేలాగే అన్నాను.

అందరి తలలూ ఒక అంతస్తు పైకి లేచాయి. అక్కడ తౌంగ్ సేన్ కటకటాల మీద వంగి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో మరి. మా చూపులు కలిశాయి. ఈసారి తల ఊపలేదు. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు.

నవ్వులు ఆగిపోయాయి. మా వీధి అల్లరి చేస్తుంది గానీ మనిషి పడిపోతే నవ్వదు. ఓన్ మే వచ్చి నా పక్కన నిలబడింది, దాని నోట్లోంచి కూడా మాట రాలేదు. నాకు గుండె జారింది. అబద్ధం ఎందుకు, నిజంగానే జారింది. అయినా చెప్పినందుకు మాత్రం బాధ కలగలేదు. ఇంకాస్త పులుసు పొయ్యనా అని ఎదురుగా ఉన్నాయన్ని అడిగి, గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడు. పైనుంచి ధబధబా దిగుతున్న చప్పుడు, మధ్యలో ఎక్కడో జారి, మళ్ళీ లేచి దిగుతున్న చప్పుడు. చీకట్లోంచి తౌంగ్ సేన్ బయటికి వచ్చాడు. మోచెయ్యి గీరుకుపోయింది. ఊపిరి అందడం లేదు. నా దగ్గరికి రాలేదు. రోడ్డు మధ్యలో నిలబడి, తలెత్తి, మూడో అంతస్తు కేసి అరిచాడు.

"సాన్ పే గారూ, అది నా పొట్లం."

అతని గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదనుకుంటాను.

"సగం ఉందయ్యా, సగం ఉంది" అన్నాడు సాన్ పే గారు. కంగారుగా అరటాకు మడిచి, క్లిప్పుకు తగిలించి, తాడు వదిలాడు. వీధంతా చూస్తుండగా ఆ సగం పొట్లం ఊగుతూ ఊగుతూ దిగింది. తౌంగ్ సేన్ అందుకుని, విప్పి, ఒక్క ఆకు మిగల్చకుండా నోట్లో వేసుకున్నాడు. వేలికంటిన నూనె కూడా నాకాడు.

"కోర్టువారు ముద్ర వేశారు. ఇక అప్పీలు లేదు" అంది ఓన్ మే. మాట మళ్ళీ వచ్చేసింది దానికి. బాల్కనీల్లో చప్పట్లు మోగాయి.

నేను చేతిగుడ్డతో ముఖం తుడుచుకున్నాను, పొయ్యి సెగకు. "ఇన్నేళ్ళు ఒక్కసారి కిందికి వచ్చి తినడానికి ఏమైందండీ మీకు?" అని అడిగాను.

"కింద కూర్చుంటే మీరు అందరికీ వడ్డిస్తూ ఉంటారు. నేనూ పదిమందిలో ఒకణ్ణి" అన్నాడు. "తాడు దించితే మీరు తలెత్తి నన్ను చూస్తారు. రోజూ చూసేవారు. ఇవాళ చూడలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఆ పొట్లం ఏమిటో."

"అర్థమైతే లోపలికి ఎందుకు పారిపోయారు?"

"పారిపోలేదు. అటువైపే కదా మెట్లు."

అంతలో వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి మ్యా సేన్ దిగి, తమ్ముడి మోచెయ్యి, అరటాకు, నా ముఖం, బాల్కనీల నిండా జనం, అన్నీ చూసింది.

"ఏమిటీ సంత? సామాన్లు దించలేదా?"

"దించుతానక్కా. నది అవతలికి మాత్రం రాను" అన్నాడు. "తేయాకు తిన్నాను."

తిన్నాడంటే తిన్నాడే, దాని మీద వాదన ఉండదు. అది ఆవిడకూ తెలుసు. "ఇల్లు అమ్మేశాం కదరా, ఎక్కడుంటావు?"

"ఎదురు మేడ రెండో అంతస్తులో నాకు రెండు గదులున్నాయి" అన్నాను. "వీధి వైపు కిటికీ ఉంది. రంగుల వాసన నాకు పడుతుంది."

"ఆవిడ అడిగింది" అని అక్కతో చెప్పాడు, ఏదో పెద్ద బిరుదు వచ్చినట్టు. మ్యా సేన్ నన్ను మళ్ళీ కింద నుంచి పైదాకా చూసింది. ఈసారి పట్టు లుంగీ సర్దుకుని ఒక పీట లాక్కుని కూర్చుంది.

"వ్యానుకు అద్దె దండగ ఎలాగూ అయింది, పులుసైనా పోయండి" అంది. వ్యానువాడు కూడా దిగి కూర్చున్నాడు.

తౌంగ్ సేన్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఇన్నేళ్ళలో నా పీట మీద కూర్చోవడం అలవాటు లేని మనిషి. ఏ పీట ఎవరిదో అన్నట్టు చూస్తున్నాడు.

"నా మెడ నొప్పి పుట్టింది మీకోసం తలెత్తి తలెత్తి" అన్నాను. "ఇక్కడ, నా ఎదురుగా కూర్చోండి. ఒక్క మాట. ఇకమీదట నా దగ్గర ఈ తల ఊపడాలు చెల్లవు. ఏం కావాలన్నా నోరు తెరిచి చెప్పాలి. కావాలంటే కావాలని, వద్దంటే వద్దని."

"చెప్తాను" అని కూర్చున్నాడు.

గిన్నెలో సేమియా వేసి, పులుసు పోసి, బజ్జీ విరిచి, గుడ్డు కోసి పెట్టాను. ఎప్పటిలాగే అందరికంటే ఒక గుప్పెడు ఎక్కువ కొత్తిమీర తీసి పైన చల్లబోయాను. ఏళ్ళ తరబడి అతని గిన్నెలో అలాగే వేసేదాన్ని. తౌంగ్ సేన్ గొంతు సవరించుకున్నాడు. వీధంతా చెవులు రిక్కించింది.

"కొత్తిమీర వద్దు" అన్నాడు. "నాకు మొదటినుంచీ పడదు."